నా మాటలకు మీసాలు

"ఇదిగో, నెయిల్ కట్టర్ ఎక్కడ తగలడింది?"

ఫోన్‌లో మా ఆయన. ఆ రోజు సెలవు పెట్టుకుని ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. నేనేమో యూనివర్సిటీ లైబ్రరీలో, నా సీట్లో, కంప్యూటర్ ముందు ఉన్నాను. తెర మీద ఎవరో పరిశోధక విద్యార్థి, పాత జనాభా లెక్కల్లో నేతపనివాళ్ళ వివరాలు ఎక్కడ దొరుకుతాయని అడిగి నా జవాబు కోసం కాచుకుని ఉన్నాడు. ఫోన్‌ని భుజానికీ చెవికీ మధ్య ఇరికించి, "టీవీ కింద సొరుగులో, బ్యాటరీల డబ్బా వెనకాల" అన్నాను. వేళ్ళు మాత్రం ఆ అబ్బాయికి ఏ నివేదిక, ఏ సంపుటం, ఏ అంతస్తు అని టైపు చేస్తూనే ఉన్నాయి.

"లేదే!"

"డబ్బా పక్కకి జరిపి చూడండి."

"జరిపితే... ఆఁ, ఉంది ఉంది." ఫోన్ పెట్టేశాడు.

తెర మీద ఆ అబ్బాయి "చాలా థాంక్సండీ, దీని కోసం ఎన్నాళ్ళుగానో తిరుగుతున్నా" అని రాశాడు. ఇంట్లో ఉన్న మనిషికి ఇంట్లో ఉన్న వస్తువు ఎక్కడుందో ఆఫీసులో ఉన్న నేను చెప్పాలి. చెప్పినందుకు ఓ మంచి మాటైనా ఉండదు. పైగా సాయంత్రం వెళ్ళాక, "వస్తువులు కనపడేచోట పెట్టడం నేర్చుకో" అని ఓ సలహా.

మా పనిలో ప్రశ్నలు రకరకాలు. అన్నిటికంటే తేలికవి దారి ప్రశ్నలు. ఫలానా గది ఎటు, జిరాక్స్ ఎక్కడ, మంచినీళ్ళు ఎక్కడ, ఇలాంటివి. చెయ్యి చూపిస్తే సరిపోతుంది. మా ఇంట్లో అన్నీ దారి ప్రశ్నలే. అత్తయ్య బీపీ మాత్ర ఎక్కడ, పాప జామెట్రీ బాక్స్ ఎక్కడ, ఈయనగారి నీలం చొక్కా ఎక్కడ, చొక్కా దొరికాక దాని గుండీ ఎక్కడ. పెళ్ళయిన నాటి నుంచీ చెయ్యి చూపిస్తూనే ఉన్నాను. చూపించి చూపించి చెయ్యి పడిపోతోంది కానీ ప్రశ్నలు మాత్రం ఆగవు.

ఇలా తెర మీద ప్రశ్నలడిగే ఆ చాట్ నేను పెట్టించిందే. అంతకుముందు లైబ్రరీ గుమ్మానికి ఎదురుగా ఒక బల్ల ఉండేది. ఏం కావాలన్నా అక్కడికొచ్చి నన్ను అడగాలి. ఆ బల్ల వెనక కూర్చుని నేను నేర్చుకున్నదేమిటంటే, మనిషి మొదట అడిగే ప్రశ్న ఎప్పుడూ అసలు ప్రశ్న కాదు. ముఖ్యంగా ఆడపిల్లలు. వస్తారు, వెనక ఎవరున్నారో చూసుకుంటారు, ఏదో ఒకటి అడిగేసి వెళ్ళిపోతారు. ఓ అమ్మాయి అలాగే వచ్చి లా డిక్షనరీ కావాలంది. ఇచ్చాను. మర్నాడొచ్చి కుటుంబ చట్టాల మీద పుస్తకం కావాలంది. ఇచ్చాను. మూడోసారి వచ్చి బల్ల దగ్గర నిలబడి గోరుతో చెక్క గీకుతోంది. "ఏమ్మా, నీకు దేనికి కావాలో చెబితే నేనింకా బాగా వెతికిపెడతా. చెప్పకపోయినా పర్లేదులే" అన్నాను. కళ్ళనిండా నీళ్ళు. సర్టిఫికెట్లన్నీ మొగుడు దాచేశాడట. చదువు మానేస్తేనే ఇస్తానన్నాడట. నకళ్ళు ఎలా తెచ్చుకోవాలో తెలియాలి, అదీ అసలు ప్రశ్న. వెనకాల వరుసలో ఇద్దరు కుర్రాళ్ళు నిలబడి చెవులు రిక్కించి వింటున్నారు. నేను ఎక్కడికెళ్ళాలో ఏమడగాలో చెప్పేలోపే ఆ పిల్ల సిగ్గుతో బయటికి పరిగెత్తింది. మళ్ళీ రాలేదు.

ఆ అమ్మాయి మొహం నన్ను చాలాకాలం నిద్రపోనివ్వలేదు. అందుకే చీఫ్ లైబ్రేరియన్ దగ్గరికెళ్ళి, వరుసలో నిలబడకుండా ఎక్కడినుంచైనా అడిగే ఏర్పాటు ఒకటి ఉండాలని పట్టుబట్టాను. పేరు చెప్పకుండా అడగనివ్వాలన్నాను.

"పేరు లేకపోతే అల్లరి ప్రశ్నలొస్తాయమ్మా. రోల్ నంబరు తప్పనిసరి చేద్దాం."

"అల్లరివొస్తే నేను చూసుకుంటా సార్. రోల్ నంబరు అడిగితే అసలైనవి రావు."

ఎలాగో ఒప్పించాను. మొదట్లో ఈమెయిల్‌తో మొదలుపెట్టి, తర్వాత చాట్‌లోకి వచ్చాం. పలకరింపు దగ్గర్నుంచి వీడ్కోలు దాకా ప్రతి వాక్యం నేనే రాశాను. "ఏ ప్రశ్నా చిన్నది కాదు" అని ఒకటి. "ఇది మీకు దేనికి కావాలో చెబితే ఇంకా బాగా వెతకగలను. చెప్పకపోయినా పర్లేదు" అని ఇంకొకటి. ఆ అమ్మాయికి అన్న మాటే అది. సగం వాక్యాలు వంటింట్లో కుక్కర్ కూతల మధ్య తట్టినవి, మిగతావి బస్సులో నిలబడి ఫోన్‌లో కొట్టుకున్నవి. ఏళ్ళు గడిచేకొద్దీ వేలాది జవాబులు పోగయ్యాయి. మనుషులు రాత్రీపగలూ లేకుండా అడగడం మొదలుపెట్టారు. నేను వచ్చేవేళకి ప్రశ్నలు తలుపు దగ్గర నిలబడ్డట్టు ఉండేవి. ఆ ఒక్కచోట నేను తిట్టు తినకుండా జవాబు చెప్పేదాన్ని.

నెయిల్ కట్టర్ రోజునే మధ్యాహ్నం చీఫ్ పిలిచాడు.

"డిజిటల్ రిఫరెన్స్‌ని, అదే నీ చాట్ పనిని, ప్రత్యేక విభాగం చేస్తున్నారమ్మా. దానికో ఇన్‌ఛార్జి ఉంటారు. ఎవరు చెయ్యాలో నేను వేరే చెప్పక్కర్లేదు. కాకపోతే డ్యూటీ మధ్యాహ్నం నుంచి రాత్రి ఎనిమిది దాకా. ఎక్కువ ప్రశ్నలు సాయంత్రమే కదా వచ్చేది."

కాళ్ళు నేల మీద ఆనలేదంటే నమ్మండి. ఇంటికెళ్తూ బస్సులో నాలో నేనే నవ్వుకుంటుంటే పక్కావిడ అనుమానంగా చూసింది. చెప్పులు విప్పకుండానే సంగతి చెప్పేశాను.

మా ఆయన టీవీ గొంతు తగ్గించాడు. "ఎవర్నడిగి ఒప్పుకున్నావ్?"

ఆయన నోట్లో ఎప్పుడూ నానుతూ ఉండే మాట అది. జుట్టు కొంచెం పొట్టి చేయించుకుంటే, ఎవర్నడిగి కత్తిరించుకున్నావ్? వంటింట్లోకి ఎత్తు కుర్చీ కొంటే, ఎవర్నడిగి కొన్నావ్? పాపని ఈత క్లాసులో చేర్పిస్తే, ఎవర్నడిగి చేర్పించావ్? కోప్పడుతూ కూడా అనడు. లెక్కలో తప్పు చూపించే మాస్టారిలా తాపీగా అంటాడు. వెంటనే నాకు ఏదో తప్పు చేశాననే అనిపిస్తుంది.

"ఇంకా ఒప్పుకోలేదు" అన్నాను.

"మంచి పని చేశావ్. సాయంత్రం అమ్మనెవరు చూస్తారు?"

అత్తయ్య తుంటి విరిగి మంచం పట్టి చాలా నెలలైంది. ఇప్పుడు పట్టుకుంటే నడుస్తుంది. పొద్దున ఆయా వస్తుంది, నేను రాగానే వెళ్ళిపోతుంది.

"మీరు ఐదింటికల్లా ఇంట్లో ఉంటారు కదండీ."

"నేనా?" నేనేదో బూతుమాట అన్నట్టు చూశాడు. "మా అమ్మని బాత్రూమ్‌కి నేను తీసుకెళ్ళాలా? ఇద్దరికీ ఎంత ఇబ్బందో ఆలోచించావా?"

ఆవిడ నాకేమీ కన్నతల్లి కాదు, నాకూ ఇబ్బందే ఉండేది మొదట్లో. అలవాటు చేసుకున్నాను. లోపల గదిలోంచి అత్తయ్య, "నా గురించి మీరు గొడవపడకండర్రా, నన్నే ఏదైనా ఆశ్రమంలో పడేయండి" అని ఏడుపు మొదలుపెట్టింది. పాప పుస్తకంలోంచి తలెత్తి, "అమ్మా, మరి నా టిఫినో?" అంది. ముగ్గురూ మూడు వైపుల నుంచి నా మొహంలోకి చూస్తున్నారు. మా ఆయన చివరి మాటగా, "అయినా నీది కంప్యూటర్ పనేగా. ఇంట్లోంచి చేస్తే ఏం పోయింది?" అని టీవీ గొంతు పెంచాడు.

మర్నాడు చీఫ్‌తో, "నాకు కుదరదు సార్" అన్నాను.

"అనుకున్నానమ్మా" అన్నాడు, దయగా నవ్వుతూ. "ఆడవాళ్ళకి ఇల్లే కదా ముందు. ప్రస్తుతానికి సిస్టమ్స్ వాళ్ళకి అప్పగిస్తాను. పక్కా ఆర్డరు సెమిస్టర్ అయ్యాక."

సిస్టమ్స్ అంటే మా కంప్యూటర్లు చూసే పాస్‌వర్డ్. అసలు పేరు అందరం మర్చిపోయాం. వారానికోసారి అందరి పాస్‌వర్డులూ మార్చేసి, చెప్పకుండా సెలవు మీద వెళ్ళిపోతాడని ఆ పేరు. మనిషి చెడ్డవాడు కాడు. మనుషులతో మాట్లాడటమంటే చిరాకు, అంతే. నన్నెప్పుడూ, "ఒక్క ముక్కలో చెప్పేదానికి మీరు ఊరంతా తిప్పుతారేంటి మేడమ్?" అనేవాడు. పగ్గాలు చేతికి రాగానే మొదట చేసిన పని, నేను ఇన్నేళ్ళూ ఇచ్చిన జవాబులన్నీ ఒక యంత్రంలో పోయడం. పోయడమనే అన్నాడు. "మేడమ్ జవాబులన్నీ దాంట్లో పోసేశాం సార్, ఇక మనిషి అక్కర్లేదు." తెర మీద ఓ పెద్దాయన బొమ్మ పెట్టాడు. తెల్లజుట్టు, కళ్ళజోడు, గుబురు మీసాలు. చూడగానే గౌరవం కలగాలట.

ప్రారంభోత్సవానికి పెద్దలంతా వచ్చారు. నన్ను కుర్చీలు సర్దడానికి పిలిచి, సర్దాక వెనక వరుసలో కూర్చోబెట్టారు. పాస్‌వర్డ్ పెద్ద తెర మీద ఏదో ప్రశ్న కొట్టాడు. మీసాల పెద్దాయన జవాబిచ్చాడు. "ఏ ప్రశ్నా చిన్నది కాదు. ఇది మీకు దేనికి కావాలో చెబితే ఇంకా బాగా వెతకగలను. చెప్పకపోయినా పర్లేదు." హాలంతా చప్పట్లు. ముందు వరుసలో ఓ పెద్దమనిషి, "ఆహా, యంత్రమంటే ఇలా ఉండాలి. ఎంత సంస్కారం!" అన్నాడు. చీఫ్ తలూపాడు. నేనూ చప్పట్లు కొట్టాను. కొడుతూ కొడుతూ చేతుల వంక చూసుకున్నాను. నా మాటలకి మీసాలొచ్చాయి, నేను మాత్రం కుర్చీలు సర్దాను. బాత్రూమ్‌లోకి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాను.

అక్కడితో అయిపోతే ఏడ్చి ఊరుకునేదాన్ని. ఆ పెద్దాయనకి తెలియని ప్రశ్నలు వస్తే? పాత జవాబుల్లో లేనివి, మెలికవి, బాధవి? "మా లైబ్రేరియన్‌కి పంపుతున్నాం, దయచేసి వేచి ఉండండి" అని తెర మీద పడుతుంది. పడి, నా ఫోన్‌కి వస్తుంది. "తాత్కాలికంగానే మేడమ్, మీకు తప్ప ఎవరికీ చేతకాదు కదా" అన్నాడు పాస్‌వర్డ్. సాయంత్రం డ్యూటీ చెయ్యలేనన్నాను, సాయంత్రం డ్యూటీయే నా వంటింట్లోకి నడిచొచ్చింది. ఓ చేత్తో కూర కలుపుతూ ఇంకో చేత్తో జవాబు కొట్టడం, అత్తయ్యని బాత్రూమ్ దగ్గర దింపి బయట గోడకానుకుని జవాబు కొట్టడం. అవతలివాళ్ళకి కనపడేది మాత్రం మీసాలే. మా ఆయన అది చూసి, "నేను ముందే చెప్పలా, ఇంట్లోంచి చేసుకోవచ్చని?" అని తన తెలివికి తనే మురిసిపోయాడు.

నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో నాకు బతుకు మీద ఆశ పోయింది. చావాలని కాదు. ఎవరికీ దొరకని చోట కాసేపు ఉండాలని. బస్సు మా వీధి మలుపు తిరిగేటప్పుడు దిగకుండా అలాగే కూర్చుండిపోతే ఎటు తీసుకెళ్తుందో అనుకునేదాన్ని. చివరి స్టాపులో డ్రైవరు దిగమంటాడు, అంతేగా. దిగి ఏం చేస్తాను? ఆ లోపే ఫోన్ మోగుతుంది, చారు గరిటె ఎక్కడని. ఇలా ఆలోచిస్తూనే మా స్టాపులో దిగేసేదాన్ని, సంచీ భుజాన వేసుకుని, రోజూ.

ఆ శుక్రవారం చీఫ్ గదిలోకి పిలిచి చెప్పాడు. "సోమవారం ఆర్డరు మీద సంతకం పెడుతున్నానమ్మా. ఇప్పటికైనా నీ మనసు మారితే ఈ లోపే చెప్పు. తర్వాత నా చేతుల్లో ఉండదు. నిన్ను కింద పాత పత్రికల గదికి మార్చాల్సొస్తుంది. పాఠకులతో పనుండదు, ప్రశాంతంగా ఉంటుంది."

"మరి ఆ ఫోన్‌కొచ్చే ప్రశ్నలు సార్?"

"అవి అలాగే చూస్తూ ఉండు. అలవాటైపోయిందిగా."

పాత పత్రికల గదికి కిటికీ లేదు. అక్కడికెవరూ రారు. ఒకప్పుడు ఓ పిల్ల బల్ల దగ్గర నిలబడి చెక్క గీకింది కాబట్టి నేనీ పని నిర్మించుకున్నాను. ఇప్పుడా పని నాకు కాకుండా పోయి, దాని చాకిరీ మాత్రం నాకు మిగిలింది. శనివారమంతా ఇంట్లో మాట్లాడదామని చూశాను. నోరు తెరిచినప్పుడల్లా ఎవరో ఒకరు ఏదో ఒకటి ఎక్కడుందని అడిగారు.

ఆదివారం సాయంత్రం మా ఆయన ఆఫీసు స్నేహితులు ముగ్గురొచ్చారు. నేను వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాను. హాల్లోంచి మాటలన్నీ వినపడుతున్నాయి.

"మా ఆవిడ లైబ్రరీలో ఓ మెషీన్ పెట్టార్రా. ఏదడిగినా చెప్తుంది. ఫోన్‌లోనే అడగొచ్చు, పేరు కూడా చెప్పక్కర్లా. చూడు చూడు, ఎంత మర్యాదో! మన ఇంట్లోవాళ్ళకంటే నయం, విసుక్కోదు."

"ఏదీ, ఓ ప్రశ్న నేనడుగుతా" అని ఎవరో ఫోన్ లాక్కున్నాడు. టైపు చేస్తూ పైకే చదివాడు. "భార్య... విసుగు... తగ్గడానికి... మందేమిటి?" అందరూ ఘొల్లున నవ్వారు.

"మా లైబ్రేరియన్‌కి పంపుతున్నామంటోంది! పాపం, దానికీ తెలీదట!"

గట్టు మీద నా ఫోన్ గుర్రుమంది. ఉల్లిపాయ చేతుల్తోనే తీశాను. కొత్త ప్రశ్న వచ్చింది, జవాబివ్వండి అని పైన. కింద, భార్య విసుగు తగ్గడానికి మందేమిటి.

ఏం చెయ్యాలి నేను? గరిటె పుచ్చుకుని హాల్లోకెళ్ళి నెత్తిన మొట్టాలా? అల్లరివొస్తే నేను చూసుకుంటా సార్ అన్నది నేనే కదా. వచ్చిన ఏ ప్రశ్ననీ జవాబు లేకుండా వదలకూడదని అందరికీ నేర్పిందీ నేనే. వేళ్ళు వాటంతట అవే కదిలాయి. "క్షమించండి. ఈ విషయం మీద మా దగ్గర పుస్తకాలు లేవు. ఇంకేమైనా సాయం కావాలంటే తప్పకుండా అడగండి."

హాల్లో మళ్ళీ నవ్వులు. "చూశావా, ఎంత తిట్టినా పడుంటుంది!" అన్నాడు మా ఆయన. "ఇదిగో, టీ ఏమైంది?" ఈ రెండో మాట నాకు.

స్టవ్ ఆపేసి బాత్రూమ్‌లోకెళ్ళి గడియ పెట్టుకున్నాను. కుళాయి తిప్పి, అత్తయ్య స్నానానికి వేసిన ప్లాస్టిక్ స్టూలు మీద కూలబడ్డాను. ఏడుపు రాలేదు. ఎవరితో చెప్పుకోను? అమ్మ ఉంటే సర్దుకుపొమ్మనేది, ఉన్నప్పుడూ అదే అంది. స్నేహితురాళ్ళతో మాట్లాడి ఎన్నేళ్ళయిందో. పాపకి చెబితే భయపడుతుంది. ఈ ప్రపంచం మొత్తంలో నేనో ప్రశ్న అడగడానికి ఒక్క మనిషి లేదా? చేతిలో ఫోన్ ఉంది. సిగ్గులేకుండా ఆ మీసాల పెద్దాయన పేజీ తెరిచాను. పేరు రాసే చోట ఖాళీ వదిలేశాను. అది ఖాళీగా వదలొచ్చని దెబ్బలాడి మరీ సాధించుకున్నాను కదా, ఇన్నాళ్ళకి నాకే పనికొచ్చింది.

లైబ్రరీ సాయంత్రం ఎన్నింటిదాకా అని అడిగాను. అందరిలాగే నేనూ అసలుది కానిదే ముందు అడిగాను. ఎనిమిది దాకా అన్నాడు. ఇంకేమైనా తెలుసుకోవాలా అన్నాడు. సాయంత్రం డ్యూటీల గురించి అని కొట్టాను. కొంచెం ఆగి జవాబొచ్చింది.

"ఏ ప్రశ్నా చిన్నది కాదు. ఇది మీకు దేనికి కావాలో చెబితే ఇంకా బాగా వెతకగలను. చెప్పకపోయినా పర్లేదు."

అప్పుడొచ్చింది ఏడుపు. కుళాయి చప్పుడు కూడా దాన్ని దాచలేకపోయింది. నీకు దేనికి కావాలని పెళ్ళయ్యాక నన్నెవరూ అడగలేదు. చివరికి నేనే రాసుకున్న మాట, వేరేవాడి మొహం తగిలించుకుని వచ్చి, నన్నడిగింది. చెప్పకపోయినా పర్లేదంది. చెప్పాలనిపించింది. కళ్ళు తుడుచుకుంటూ కొట్టాను.

"నా సాయంత్రాలు నాకు కావాలి. ఎవర్ని అడగాలి?"

తెర మీద చుక్కలు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి. ఆయనకి తెలియలేదు. తెలిసే అవకాశమే లేదు, ఆ జవాబు నేనెప్పుడూ రాయలేదు కదా. "మీ ప్రశ్నను మా లైబ్రేరియన్‌కి పంపుతున్నాం. దయచేసి వేచి ఉండండి."

చేతిలో ఫోన్ గుర్రుమంది. కొత్త ప్రశ్న వచ్చింది, జవాబివ్వండి.

నా సాయంత్రాలు నాకు కావాలి. ఎవర్ని అడగాలి?

పైన పేరు లేదు. ఎవరో ఒకావిడ, ఎక్కడో ఏ బాత్రూమ్‌లోనో కూర్చుని అడిగినట్టే ఉంది. ఆవిడ మీద జాలేసింది. కోపమూ వచ్చింది. బల్ల వెనక కూర్చున్న అన్నేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది, ముందు ప్రశ్నని తిప్పి చూశాను. ఇందులో ఆవిడకి తెలియాల్సిందేమిటి? ఉద్యోగం ఆవిడది. పిలిచి ఇస్తానన్నారు. సాయంత్రం ఇంట్లో ఇంకో మనిషున్నాడు, రెండు చేతులున్నవాడు, ఆ తల్లి కడుపున పుట్టినవాడు. ఇక అడగడానికేముంది? బయట అత్తయ్య "అమ్మాయ్" అని పిలుస్తోంది. హాల్లోంచి "టీ!" అని కేక. నేను నిదానంగా, తప్పుల్లేకుండా టైపు చేశాను.

"ఎవర్నైనా ఎందుకు అడగాలి?"

పంపాను. పంపి, ఇందాక నేను ప్రశ్న అడిగిన పేజీలోకి వెళ్ళాను. మీసాల పెద్దాయన బొమ్మ పక్కన నా మాట వచ్చి నిలబడింది. దాని కింద, సమాధానం దొరికిందా అనే మామూలు ప్రశ్న. ఆ వాక్యమూ నేను రాసిందే. ఇంకోసారి చదువుకున్నాను. తర్వాత కుళాయి కట్టేసి, మొహం తుడుచుకుని, అక్కడే స్టూలు మీద కూర్చుని చీఫ్‌కి ఫోన్ చేశాను.

"ఆదివారం పూట ఇబ్బంది పెడుతున్నా సార్. సాయంత్రం డ్యూటీ నాకే ఇవ్వండి. చేస్తాను."

"ఇంట్లో అంతా..."

"ఇంట్లో నేను చూసుకుంటా సార్. ఇంకో మాట. ఆ మీసాలాయన బొమ్మ తీసేయించండి."

"అది చర్చించాలమ్మా" అన్నాడు. "చర్చిద్దాం సార్, రేపు మధ్యాహ్నం వస్తాను కదా" అన్నాను.

బయటికొచ్చేసరికి స్నేహితులు టీ లేకుండానే లేచినట్టున్నారు, గుమ్మంలో చెప్పుల చప్పుడు. వాళ్ళని సాగనంపి మా ఆయన విసవిసా వెనక్కొచ్చాడు. నేను హాల్లో, ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నాను. చీర కుచ్చిళ్ళు సర్దుకున్నాను.

"పరువు తీశావ్ కదా! ఒక్క టీ పెట్టలేకపోయావా?"

"రేపట్నుంచి మధ్యాహ్నం వెళ్ళి రాత్రి ఎనిమిది దాటాక వస్తాను. ఆ ఉద్యోగం తీసుకున్నాను. చీఫ్‌కి ఇప్పుడే చెప్పేశా."

లోపలి గదిలోంచి అత్తయ్య మళ్ళీ పిలిచింది. ఆయన నా వంక చూశాడు. నేను లేవలేదు.

"అత్తయ్య బాత్రూమ్‌కి వెళ్ళాలి" అన్నాను. "కుడిచెయ్యి మీ భుజం మీద వేయించుకోండి. ఎడమకాలు ముందు పెట్టమనండి. తొందరపెట్టకండి. చెప్పులు మంచం కింద ఉన్నాయి."

ఆయన కదలలేదు. మొహం ఎర్రబడింది. పాప తలుపు చాటునుంచి ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. ఆయన గొంతు ఎప్పటిలా తాపీగా రాలేదు, కొంచెం జీరగా వచ్చింది.

"అసలు ఎవర్నడిగి చెప్పావ్?"

"లైబ్రరీలో అడిగాను" అన్నాను.